తొర్రూరు పలక – పోతన పేరిట అక్షరాలు



2004వ సంవత్సరం సంక్రాంతి సెలవులలో ఒక పూర్వ విద్యార్థి మా ఇంటికి వచ్చినాడు. తొర్రూరు బడిలో నా వద్ద పదవ తరగతి వరకు తెలుగు చదివినవాడు. అప్పటికి వరంగల్లులో ఇంజనీరింగు చివరి సంవత్సరంలో ఉన్నాడు. చిన్ననాటి నుండి పాత రేడియోలు విప్పి, మళ్ళీ బిగించి, రెండు మరలు మిగిల్చే అలవాటు గలవాడు. ఆనాడు అతని చేతిలో అరచేయంత పలక ఒకటి, దానికి తగిలించిన తీగల కట్ట ఒకటి ఉన్నవి.

"సార్, మన ఊరి పేరు పడతలేదు సార్" అన్నాడు.

అతని సంకల్పం చిన్నదే. బస్టాండులో రాబోయే బస్సు పేరు తెలుగులో వెలిగే పలక చేయవలెను. కాలేజీలో ప్రాజెక్టు క్రింద అదే ఇచ్చినాడు. అంగడిలో దొరికిన ఆ పలకలో రెండు వరుసలు, వరుసకు పదహారు గడులు. ఒక్కొక్క గడిలో అడ్డంగా ఐదు, నిలువుగా ఎనిమిది చుక్కలు. దాని లోపలి చిప్పు జపాను దేశపు హిటాచీ వారి పద్ధతి ననుసరించినది. కనుక ఇంగ్లీషు అక్షరాలతో పాటు జపాను అక్షరాలు అందులో పుట్టుకతోనే ఉన్నవి. తెలుగు లేదు. మనం స్వయంగా గీసి పెట్టుకొనుటకు ఎనిమిది రూపాలకే చోటు. ఐదు చుక్కల వెడల్పులో 'తొ' ఇమడదు. ఇమిడినదనుకున్నా, 'ర్రూ' క్రింది వత్తు రెండవ వరుసలోనికి జారిపోవును. రెండు వరుసల నడుమ ఖాళీ కూడ ఉన్నది కదా, వత్తు తెగి పడిన తోకవలె కనిపించినది.

మూడక్షరాల ఊరి పేరు పట్టని యంత్రమా అని నవ్వినాను. ఆ నవ్వు నాకే తప్పుగా తోచుటకు ఎంతో కాలం పట్టలేదు.

ఎందుకనగా ఆ పిల్లవాని ఇబ్బంది అతని ఒక్కనిది కాదు. అంతకు పది పన్నెండేండ్ల ముందే సముద్రాల కావల ఇటువంటి తెలుగు విద్యార్థులే దీనితో కుస్తీ పట్టినారు. 1990వ దశకం తొలి సంవత్సరాలలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గారలు ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు వ్రాయుటకు ఒక లిప్యంతరీకరణ పద్ధతిని కూర్చినారు. ఆర్.టి.ఎస్. అని దానికి పేరు. చిన్నబడి 'టి' కొట్టిన త, పెద్దబడి 'టి' కొట్టిన ట, అట్లే ద, డ, న, ణ, ల, ళ. అట్లు వ్రాసినదానిని తెలుగు లిపిలోనికి మార్చు రిట్ అను ప్రోగ్రామును కూడ వ్రాసినారు. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతమీయలేదు. నేటికీ చాలమంది తెలియకుండానే ఆ పద్ధతిలో, లేదా దాని పిల్లలలో ఒకదానితో తెలుగు వ్రాయుచున్నారు.

ఇక మన ప్రాంతం వారు ప్రత్యేకంగా తెలియవలసిన సంగతి ఒకటున్నది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు స్వయంకృషితో తీర్చిన ఫాంటులకు పోతన, వేమన అని పేర్లు పెట్టి, ఉచితముగా పంచినారు. వాటి యూనికోడ్ రూపాలే పోతన2000, వేమన2000. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వారి లైసెన్సు క్రింద విడుదలై, డెబియన్ వంటి లినక్సు పంపిణీలలో కూడ చోటు సంపాదించుకున్నవి. పోతన్న బమ్మెర మా తొర్రూరుకు ఎంతో దూరం లేదు. ఉమ్మడి వరంగల్లు జిల్లా 2016లో విడిపోగా, తొర్రూరు మహబూబాబాదుకు, బమ్మెర జనగామకు పోయినవి గాని, రెండూ ఒక్క గాలి పీల్చినవే. మా పొరుగు కవి పేరు ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో ఉండుట తెలిసిన నాడు, చెప్పవద్దూ, కొంచెం గర్వించినాను.

యూనికోడ్ మాట వచ్చినది గనుక వ్యాకరణం చదివినవానిగా ఒక విషయం చెప్పక తప్పదు. మన దేశంలో 1988 నాటి ఇస్కీ సంకేతాల అమరికను ఆధారం చేసికొని, 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు 128 స్థానాలు కేటాయించినారు: 3072 మొదలు 3199 వరకు. అందులో క అనునది 3093. మన వ్యాకరణంలో క్ అను పొల్లుకు అ చేరి క అగును. యంత్రంలో తల్లక్రిందులు: క యే మూలం, 3149వ స్థానమందలి పొల్లు గుర్తు వచ్చి దానిలోని అకారమును తీసివేయును. ప్రత్యేకముగా క్ష అను అక్షరమే లేదు. క, పొల్లు, ష అని మూడు సంఖ్యలు. మా తొర్రూరు కంటికి మూడక్షరాలు, యంత్రానికి ఎనిమిది సంకేతాలు. మొదట నాకిది అపచారముగా తోచినది. పిదప మెచ్చుకొన్నాను: ఇన్ని వేల సంయుక్తాక్షరాలను నూట ఇరువదెనిమిది గడులలో పెట్టవలెనన్న వేరు దారి ఏది?

అయితే గడులలో లోట్లు ఉండెను. చలిలోని దంత్య ౘ, జాలరిలోని దంత్య ౙ 2008 వరకు అందులో లేవు. బాలవ్యాకరణం చర్చించిన భేదమది, బ్రౌను నిఘంటువులో గుర్తు పెట్టి చూపిన భేదమది. ప్రాచీన శాసనాలలో కనిపించు ఴ 2014లో, ౚ 2015లో, నకారపొల్లు 2021లో చేరినవి. ఒక్కొక్క అక్షరం కొరకు ఎవరో ఒకరు ప్రమాణాలతో ప్రతిపాదన వ్రాసి, వాదించి గెలువవలసి వచ్చినది.

పెద్ద సంస్థలకైనను ఈ లిపి లొంగినది కాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అను అక్షరసంపుటి, నడుమ కంటికి కనబడని ఒక సంకేతంతో కూడి సందేశంలో వచ్చినంతనే ఐఫోనులు స్తంభించినవి. ఆ నెల 19న ఆపిల్ వారు 11.2.6 కూర్పును విడుదల చేసి సరిదిద్దవలసి వచ్చినది. జ్ఞానమునకు మొదటి అక్షరము ఫోనును కూలద్రోసిన ముచ్చట విని మా పండిత మిత్రులు చాల దినాలు నవ్వినారు.

మా పిల్లవాని పలక దగ్గరకు వత్తును. కొన్న పలకను ప్రక్కన పెట్టి, ఎనిమిదికి ఎనిమిది చుక్కల ఎర్ర దీపాల బిళ్ళలు పదహారు తెచ్చి, రెండు వరుసలుగా చేర్చినాడు. ఎత్తు పదహారు చుక్కలు, వెడల్పు అరువది నాలుగు. ఆ రెండు రాత్రులు మా ఇంటి వరండాలో గ్రాఫు కాగితాల మీద ఊళ్ళ పేర్లు గీసినాము. నేను అక్షరం సొంపు చూతును, వాడు గడులు లెక్కించును. తలకట్టుకు రెండు గడులు చాలునని నేను, వత్తునకు నాలుగైనను కావలెనని వాడు. ఒక్కొక్క పేరుకు 128 బైట్లు; ఆ మైక్రోకంట్రోలరు జ్ఞాపకశక్తి మొత్తం 4096 బైట్లు. ప్రోగ్రాము పోను ఇరువది పేర్లకు చోటు దొరికినది. రాయపర్తి, వర్ధన్నపేట, మరిపెడ, ఖమ్మం, పాలకుర్తి చక్కగా ఇమిడినవి. మహబూబాబాద్ ఇమడలేదు. "మానుకోట అని పెట్టు, ఇక్కడ ఎవరికి తెలియదు?" అన్నాను. సరిగ్గా నాలుగక్షరాలు, అక్షరానికి పదహారు చుక్కలు.

ప్రాజెక్టు పరీక్షించిన వారు "ఇంగ్లీషులో చూపిన ఇంత కష్టం లేదు గదా" అని ఒక మాట అని, మార్కులు మాత్రం వేసినారట. పలక ఏ బస్టాండుకూ ఎక్కలేదు. కొన్నాళ్ళు వాళ్ళింటి గూటిలో వెలిగి, దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయినవి. గ్రాఫు కాగితాలు మాత్రం నా దగ్గరే ఉండిపోయినవి. మొన్న పుస్తకాల బీరువా సర్దుచుండగా బయటపడినవి. 'తొర్రూరు' కాగితం మీద ర్రూ క్రింద నాలుగు గడులకు వాడు పెట్టిన పెన్సిలు గుర్తు, దాని ప్రక్కన నా ఎర్ర సిరా దిద్దుబాటు, ఇంకను చెరిగిపోలేదు.