మొగ్గ విచ్చే వేళ

కోస్తా ఊళ్ళలో పాత ఇళ్ళకు వెళ్తే, గోడ మీదో ఆల్బమ్‌లోనో ఇలాంటి ఫొటో ఒకటి దొరుకుతుంది. ఏడెనిమిదేళ్ళ పిల్ల. పట్టు పరికిణీ, పాపిటబిళ్ళ, నడుముకు వడ్డాణం. వాటిలో సగం పక్కింటి నుంచి అడిగి తెచ్చినవి. పిల్ల నవ్వకుండా, బిగుసుకుని, కెమెరా వైపు చూస్తూ నిలబడి ఉంటుంది. వెనకాల నిలువుటద్దం. అద్దంలో పిల్ల వీపు, ఆ వీపు మీద మెడ నుంచి నడుం దాకా మల్లెమొగ్గలతో కుట్టిన జడ. ఫొటో తీయించింది ఆ జడ కోసమే. ముఖం కోసమే అయితే అద్దంతో పనిలేదు.

ఇరవయ్యో శతాబ్దం నడిమి కాలంలో మన చిన్న పట్నాల ఫొటో స్టూడియోల్లో ఈ అద్దం తప్పనిసరి సామాను. వేసవి సెలవుల్లో సాయంత్రం పూట పూలజడల పిల్లలు తల్లుల చెయ్యి పట్టుకుని వచ్చేవారు. వంతు వచ్చేదాకా కుర్చీలో వెనక్కి ఆనుకోకూడదు. “ఆనకే, జడ నలుగుతుంది” అని తల్లి హెచ్చరిక. తెల్లారేసరికి వాడి గోధుమరంగుకు తిరిగే పువ్వు అది. మధ్యాహ్నమంతా పడ్డ కష్టానికి మిగిలే గుర్తు ఆ నలుపు తెలుపు కాగితం ఒక్కటే.

కష్టం అనే మాట ఊరికే అన్నది కాదు. పూలజడ కుట్టడం వచ్చిన మనిషి వీధికి ఒకరు ఉండేవారు. భోజనాలయ్యాక ఆవిడ ఇంటి వసారాలో పని మొదలయ్యేది. ముందు మొగ్గల్ని ఏరాలి: పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క, ఊదారంగు తిరిగినవి బయటికి. మొగ్గ తొలిచే పురుగు పడితే ఆ రంగు వస్తుంది, అవి ఎన్నటికీ విచ్చవు. తర్వాత అరటి దొప్పను జడ పొడవున కోసి, దాని మీద మొగ్గల్ని వరసలుగా పేర్చి సూదీదారంతో కుట్టుకుంటూ పోవాలి. కాడలు లోపలికి, తలలు పైకి. మెడ దగ్గర పెద్ద మొగ్గలు, కిందికి దిగేకొద్దీ చిన్నవి. తెలుపు మధ్యలో కనకాంబరాల వరస, అక్కడక్కడ మరువం పచ్చదనం. పిల్ల జుట్టు చాలదు కనుక సవరం కలిపి అల్లి, చివర కుప్పెలు కట్టి, కుట్టిన పట్టీని జడకు బిగిస్తారు. ఆ బరువుకు పిల్ల తల వెనక్కి లాగేసినట్టవుతుంది. ఆ పూట పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిరగాల్సిందే.

జడంటే ఇంత మోజు ఫొటోలతో వచ్చింది కాదు. కూచిపూడి వారి భామాకలాపంలో సత్యభామ ప్రవేశం ముందుగా జడతోనే. తెర వెనక నుంచి పొడవాటి జడను తెర మీదుగా ఇవతలికి వేయడం ఒక సవాలు: నన్ను మించిన విద్వాంసులు ఈ సభలో ఉంటే రండి, ఓడితే ఈ జడ కోసి ఇస్తాను అని. సిద్ధేంద్రయోగి పేర నిలిచిన ఆ కలాపంలో జడకు పాత్రతో సమానమైన గౌరవం ఉంది.

ఇక పువ్వు సంగతి. మల్లె పగలు పూయదు. తెల్లవారుజామున కోసిన మొగ్గ పగలంతా ముడుచుకునే ఉంటుంది. ఎండ దిగి గాలి చల్లబడ్డాక మెల్లగా విచ్చుతుంది, పరిమళం వదిలేది కూడా అప్పుడే. బెంజైల్ ఎసిటేట్, లినలూల్ వంటి పదార్థాలు ఆ వాసనకు మూలం అంటుంది రసాయనశాస్త్రం. తెలుపూ వాసనా రాత్రి పూసే పూలకు చీకట్లో ఎగిరే పురుగుల్ని పిలుచుకునే ఉపాయాలు. కానీ ఆ వేళాపాళా ప్రకారం నడుచుకున్నది మాత్రం మనుషులే. మార్చి నుంచి జూన్ దాకా తెలుగు ఇంటి సాయంత్రానికి గడియారం మల్లెమొగ్గ. మూడు దాటాక వీధిలో పూలమ్మి కేక. నాలుగింటికి తడిపిన అరటినారతో మాల కట్టడం, అటు రెండు మొగ్గలు ఇటు రెండు మొగ్గలు పెట్టి ముడి. అయిదింటికి స్నానాలు, తలలు దువ్వుకోవడం. దీపాలు పెట్టే వేళకు తలలో పువ్వు విచ్చేది. పొద్దున్నుంచీ వంటింటి పొయ్యి దగ్గర మగ్గిన మనిషి ఇంట్లోంచి బయటపడి నలుగురిలో కూర్చునే గంట కూడా అదే.

ఆ గంటకు చరిత్ర ఉంది గాని, దాన్ని పనిగట్టుకుని రాసినవాళ్ళు తక్కువ. రాజుల వసంతాలు మాత్రం పుస్తకాలకెక్కాయి.

వాటిలో మనకు దగ్గరిది కొండవీటి వసంతం. గుంటూరుకు దగ్గరలోని ఆ కొండ మీద 1386 నుంచి 1402 దాకా ఏలిన కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలని బిరుదు. ఏటేటా వసంతోత్సవంలో కర్పూరం, కస్తూరి, పన్నీరు నీళ్ళలా ఖర్చయ్యేవి. ఆ సరుకు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్యశెట్టి. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది ఆయనకే. సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, గోవా నుంచి సంకుమదం, చీనా నుంచి పట్టు ఆ కుటుంబం ఓడల్లో వచ్చేవని ఆ కావ్యం చెబుతుంది. అంటే ఒక కొండకోటలో రాజు వసంతం ఆడుకోవాలంటే సముద్రాలవతల నుంచి పరిమళం దిగుమతి కావాలి. 1957లో సి.నారాయణరెడ్డి ‘కర్పూర వసంతరాయలు’ కావ్యం రాసి ఆ రాజునూ, నర్తకి లకుమనూ మళ్ళీ తెలుగువాళ్ళ నోళ్ళలో నిలబెట్టారు.

అంతకు చాలా ముందే, శాతవాహన రాజు హాలుడి పేర వెలసిన ప్రాకృత ‘గాథాసప్తశతి’ ఇంకో వసంతాన్ని చూపిస్తుంది. అందులో ఉన్నది పల్లెటూళ్ళు, పొలాలు, గోదావరి ఒడ్డు, మామిడి చిగురు. దిగుమతులు లేవు, బిరుదులు లేవు. అక్కడి వసంతోత్సవంలో ఒకరి మీద ఒకరు చల్లుకునేది బురద. కొండవీటి కర్పూరం కన్నా ఆ బురదే తెలుగు ఇంటి పెరటికి దగ్గర చుట్టం.

1443లో హంపీ విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ చూసింది అటు రాజుల వసంతమూ కాదు, ఇటు పల్లె వసంతమూ కాదు. ఊళ్ళో ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతున్నారనీ, ఈ జనానికి అన్నం ఎంత అవసరమో గులాబీ అంత అవసరమనీ ఆయన ఆశ్చర్యంగా రాసుకున్నాడు. కోటలూ ఏనుగులూ చూడవచ్చిన మనిషి పూలబజారు దగ్గర ఆగాడంటే, అప్పటికే అది జనం రోజువారీ ఖర్చులో భాగమై ఉండాలి.

దేవుడి దగ్గర మాత్రం లెక్క వేరు. తిరుమల కొండ మీద పూసే ప్రతి పువ్వూ స్వామిదే అన్నది ఆచారం. కొండెక్కే ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. చైత్రంలో అక్కడ జరిగే వసంతోత్సవం ఎండాకాలంలో స్వామిని చల్లబరిచే వేడుక. శ్రీశైలంలో కథ మరో రకం: చంద్రవతి అనే భక్తురాలు మల్లెలతో పూజించినందుకే శివుడు మల్లికార్జునుడయ్యాడని స్థలపురాణం.

పూలు తలలో పెట్టుకునే హక్కు అందరికీ ఉండేది కాదు. ఇది దాటేసి మల్లెల చరిత్ర చెప్పడం అన్యాయం. భర్త పోయిన స్త్రీకి మొదట దూరమయ్యేవి పువ్వులూ బొట్టూ గాజులే. కొన్ని కులాల్లో జుట్టునే తీయించేవారు. పసితనంలో పెళ్ళయి, కాపురానికి వెళ్ళకుండానే విధవలైన పిల్లలకూ అదే శిక్ష. తోటిపిల్లలు పూలజడలు వేయించుకునే వసారాలోనే ఓ మూల వాళ్ళు కూర్చుని ఉండేవారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఊరు వెలివేస్తామన్నా, పురోహితులు భయపెట్టినా ఆగని ఆ పెళ్ళిని సంఘసంస్కరణ అధ్యాయంలో చదువుకుంటాం. అది ఒక పిల్ల తలలోకి పూలు తిరిగొచ్చిన రాత్రి కూడా. కందుకూరి పోరాటం మన ఇళ్ళలో ఎంత లోపలి దాకా వెళ్ళిందో చెప్పడానికి ఇంతకన్నా చిన్న కొలత, ఇంతకన్నా గట్టి కొలత ఇంకోటి దొరకదు.

సాయంత్రం ముస్తాబయ్యాక వెళ్ళడానికో చోటు కావాలి. చాలాకాలం ఆ చోటు శ్రీరామనవమి పందిరే. పానకం, వడపప్పు, తాటాకు పందిరి కింద చాపలు, తెల్లారగట్ల దాకా హరికథ. విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) కాళ్ళకు గజ్జెలు కట్టి, చిడతలు పట్టి నిలబడ్డాక ఆ పందిరి విద్యాసభ స్థాయికి ఎక్కింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన నాటకసమాజం ఊరూరా డేరాలు వేసింది. మిగతా సమాజాల్లో ఆడవేషం మగవాళ్ళు కడుతున్న కాలంలో సురభిలో ఆడవాళ్ళే ఆడవేషాలు కట్టారు. ఇంటి ఆడవాళ్ళు నాటకానికి బండి కట్టించుకుని వెళ్ళడానికి ఆ ఒక్క కారణం చాలా తలుపులు తెరిచి ఉంటుంది.

తర్వాత సినిమా. 1921లో బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతి హాలు కట్టారు. అప్పటికి బొమ్మ మాట్లాడదు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు మాట వినబడ్డాక ఇంటిల్లిపాదీ కదిలారు. ఫస్ట్ షో, సెకండ్ షో అన్న మాటలు వంటింట్లోకి వచ్చాయి. సెకండ్ షో అంటే తొమ్మిది దాటాక, అంటే మల్లె పూర్తిగా విచ్చిన వేళ. టూరింగ్ టాకీసుల్లో ఆడవాళ్ళకు వేరే బెంచీలు ఉండేవి. డేరా లోపల గాలి కదలక, వందల తలల్లోని మల్లెలు, బీడీ పొగ, వేయించిన శనక్కాయలు కలిసి ఒకే వాసనై నిలిచేవి. ఆ వాసన తెలిసిన తరం ఇంకా ఉంది.

నైజాం వైపు సాయంత్రానికి వేరే దారులు. హైదరాబాదులో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టు పండ్లకూ పూలకూ పేరు, ఆ రాతి వరండాల కింద ఐస్‌క్రీమ్ దుకాణాలకు మరీ పేరు. అక్కడ కప్పు తిని, హుస్సేన్‌సాగర్ గట్టు మీద గాలి పీల్చుకుని రావడం ఎన్నో కుటుంబాలకు వేసవి ఆనవాయితీ. రాజమండ్రి వాళ్ళకు గోదావరి గట్టు, విశాఖ వాళ్ళకు సముద్రం, విజయవాడ వాళ్ళకు 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ.

ఎక్కడికి వెళ్ళొచ్చినా పడక డాబా మీదే. పొద్దుపోయే ముందే నీళ్ళు చల్లి సెగ దింపిన గచ్చు మీద నులకమంచాలు, చాపలు. తలలోంచి తీసిన మాలను పారేయరు, మంచినీళ్ళ కుండ మూత మీద చుట్టి పెడతారు. అర్ధరాత్రి దాహమేసి లేచిన పిల్లవాడికి చీకట్లో కుండ ఎక్కడుందో ముక్కే చెప్పేది.

ఇంత సాయంత్రానికి మూలం ఇంకా తెల్లారని పొలంలో ఉంటుంది. విజయవాడకు దగ్గరలోని మైలవరం మల్లెతోటలకు ప్రసిద్ధి. చలికాలంలో అక్కడి తోటలు ఎండిపోయినట్టు కనబడతాయి. రైతు కావాలనే నీళ్ళు ఆపి, ఆకు రాల్పించి, కొమ్మలు కత్తిరిస్తాడు. చలి వెనకబట్టాక ఎరువు వేసి నీళ్ళు వదిలితే కొత్త చిగురు, చిగురు చివర మొగ్గ. మార్చి వచ్చిందంటే కూలీలు చీకటితోనే తోటలో దిగుతారు. కోతలో నేర్పంతా ఒక్కటే: ఈ సాయంత్రం విచ్చే మొగ్గ ఏదో, రేపటిదాకా ఆగే మొగ్గ ఏదో కంటితో పోల్చుకోవడం. ఉబ్బి తెల్లబడినది ఈ పూటది. పచ్చదనం మిగిలినది రేపటిది. ముందే కోస్తే విచ్చదు, ఒక్క పూట ఆలస్యమైతే కొమ్మ మీదే విచ్చి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. మల్లె రైతుకు నిల్వ ఉంచుకునే వీల్లేదు. ధర పడిపోయిన రోజున కూడా కోసి తీరాలి, లేకుంటే ఆ పూట కూలీ, సరుకూ రెండూ మట్టిలోకే.

పూర్వం విడిమొగ్గల్ని సోలతో, గిద్దెతో కొలిచేవారు. ఇప్పుడు బజార్లో కిలోల లెక్క. దూరదేశాల్లో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలో మల్లెమొక్క కుండీలో పెరుగుతోంది. మంచు కురిసే ఊళ్ళలో చలి పడగానే దాన్ని లోపలికి తెచ్చి కిటికీ పక్కన పెట్టుకుంటారు. ఆరు మొగ్గలు వేస్తే ఆ వారం అదే కబురు. కట్టిన మాలకు మాత్రం మన వీధుల్లో ఇవాళ్టికీ కొలత మూరే. మోచేతి నుంచి నడివేలి కొస దాకా, అదీ అమ్మే మనిషి చేత్తో. కొనే ఆవిడ ఆ చేతి పొడవు చూసుకుని “రెండు మూరలివ్వమ్మా, నిండుగా కొలువు” అంటుంది. పూలావిడ దండను మోచేతి దగ్గర పట్టుకుని, వేలి కొస దాటించి, పళ్ళతో నార కొరికి తెంపి, బేరమాడకుండానే ఇంకో నాలుగు వేళ్ళ ముక్క కొసరుగా ఆకులో పెట్టి చుడుతుంది.