షెవ్రొలే సి-10 బ్రేకు డ్రమ్ములు

షెవ్రొలే సి-10 అనునది అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ 1960 నమూనాతో ప్రవేశపెట్టిన అరటన్ను తరగతి పికప్ ట్రక్కు. 1971 నమూనాలో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చేవరకు దీనికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. బ్రేకు తొక్కినపుడు లోపలి రెండు షూలు విచ్చుకొని, చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప డ్రమ్మును ఒరుసుకొనుట వలన బండి ఆగుతుంది. షూలను పరీక్షించుటకు మొదట డ్రమ్మును తీయవలెను. పాత బండ్లలో ఇదే మొండి పని.

వెనుక చక్రాలు

ముందు చక్రాలకు అడ్డుపెట్టి, ఇరుసును జాకీతో ఎత్తి స్టాండులపై నిలపాలి. జాకీ ఒక్కదానినే నమ్మి పనిచేయుట ప్రాణాపాయం. పార్కింగు బ్రేకును వదలి, చక్రాన్ని విప్పవలెను. వెనుక డ్రమ్ము చక్రపు బోల్టులపై తొడిగి మాత్రమే ఉంటుంది. అయినను రెండు కారణాల వలన అది ఊడి రాదు.

మొదటిది తుప్పు. డ్రమ్ము నడిమి రంధ్రం ఇరుసును పట్టుకొని ఉంటుంది. తుప్పు వదిలించే నూనె చల్లి, కొంతసేపు ఆగి, బోల్టుల మధ్యభాగంలో సుత్తితో తట్టాలి. అంచుపై గట్టిగా కొట్టిన పోత ఇనుము పగులుతుంది.

రెండవది అరుగుదల. షూలు తగిలే మేరకు డ్రమ్ము అరిగి, తగలని అంచున గట్టు మిగులుతుంది. డ్రమ్ము కొద్దిగా కదిలి మళ్ళీ ఆగిపోతున్నదంటే షూలు ఆ గట్టుకు తట్టుకొన్నట్లే. అప్పుడు బలం ఉపయోగించి లాగినచో లోపలి స్ప్రింగులు, పిన్నులు వంగిపోతాయి. సర్దుబాటు రంధ్రం గుండా స్క్రూడ్రైవరు దూర్చి, పళ్ళచక్రాన్ని తిప్పి, షూలను దగ్గరకు చేర్చవలెను. స్వయంగా సర్దుకొనే బ్రేకులలో పళ్ళచక్రానికి ఆనుకొన్న మీటను మరొక సన్నని కడ్డీతో పక్కకు నెట్టి పట్టుకోవాలి. లేనిచో చక్రం వెనుకకు తిరగదు.

ముందు చక్రాలు

ఇక్కడ డ్రమ్ము సాధారణంగా హబ్బుతో కలిసే వస్తుంది. దుమ్ము మూత, స్ప్లిట్ పిన్ను, నట్టు, వాషరు, బయటి బేరింగు వరుసగా తీయవలెను. తిరిగి బిగించునపుడు కొత్త పిన్ను వాడాలి.

జాగ్రత్తలు

ఆ కాలపు బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తుల వ్యాధులకు, మెసోథీలియోమా అను క్యాన్సరుకు కారణమవుతుంది. కనుక డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదరాదు, పొడి బ్రష్షుతో దులపరాదు. తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూసి పారవేయాలి. డ్రమ్ము తీసి ఉండగా బ్రేకు పెడలును తొక్కరాదు. తొక్కినచో చక్రపు సిలిండరులోని పిస్టనులు బయటకు తన్నుకొనివచ్చి, బ్రేకు ద్రవం కారిపోతుంది.