453 పౌండ్లకు కొన్న దేవాలయము

పిడికెడు బియ్యము తీసిపెట్టి దేవాలయములు కట్టుకొన్న సంఘములవారము మనము. కట్టియున్న దేవాలయమునే రాజు వద్ద కొనుక్కొనవలసి వచ్చిన ఒక సంఘము కథ ఇక్కడ చెప్పుకొందము. ఆ ఊరు ఇంగ్లాండులోని ట్యూక్స్‌బరీ.

సెవర్న్, ఏవన్ నదులు కలియు ఆ చోట బెనెడిక్టు సన్యాసుల మఠముండెను. రాబర్ట్ ఫిట్జ్‌హేమన్ అను నార్మన్ ప్రభువు పోషణలో 11వ శతాబ్దము చివర ఆలయ నిర్మాణము మొదలై, 1121లో ప్రతిష్ఠ జరిగినది. గోపురము ఎత్తు 148 అడుగులు. తూర్పు భాగములో సన్యాసులు, పడమటి నడిశాలలో ఊరివారు ఆరాధించుచుండిరి. ఒకే కప్పు క్రింద రెండు ఆరాధనలు! ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను, ముందు దీనితో పని యున్నది.

1471 మే 4న ఊరి ప్రక్కన గొప్ప యుద్ధము జరిగెను. ఓడిన లాంకాస్టర్ పక్షమువారు ఆలయములో తలదాచుకొనగా, నాయకులను బయటకు ఈడ్చి, రెండు దినములకు శిరచ్ఛేదము చేసిరి. రక్తము చిందిన ఆలయమును మరల ప్రతిష్ఠింపవలసి వచ్చెను. ఆ యుద్ధపు కవచముల రేకులు పాత్రలగది తలుపునకు లోపలివైపున నేటికిని కొట్టియున్నవి. హతుడైన యువరాజు ఎడ్వర్డును అక్కడనే సమాధి చేసిరి.

8వ హెన్రీ మఠములన్నిటిని రద్దు చేయుచు వచ్చినప్పుడు, 1540 జనవరి 9న ఇదియు రాజు వశమైనది. మఠాధిపతి జాన్ వేక్‌మన్‌కు మాత్రము కొరత లేకపోయెను. మరుసటి యేడే గ్లోస్టర్‌కు మొదటి బిషప్పు ఆయెను! రాజోద్యోగులు ఆలయమును అక్కరలేని కట్టడములలో చేర్చిరి. నడిశాల ఏనాటినుండో తమదేనని ఊరివారు వాదించి, మిగిలిన భాగమునకు 453 పౌండ్లు చెల్లించిరి. ఆ లెక్క ఎట్లు వచ్చినదో చూడుడి: పైకప్పు సీసమును, గంటలను అమ్మినచో ఎంత వచ్చునో అంత!

తూర్పున మరియమ్మ పేరిట నున్న చిన్న ఆలయము, మఠపు వసారాలు కూల్చబడినవి. అవియు దక్కియుంటే బాగుండునని మనకు తోచును గాని, దక్కినదానిని నిలుపుకొనుటే చిన్న పట్టణమునకు తరతరముల భారము. 1559లో ఈస్టరు నాడు గోపురముపైని కొయ్య శిఖరము కూలెను. 1877లో మరమ్మతుల పేరిట పాతదనము చెడునని విలియం మోరిస్ పత్రికకు ఘాటుగా లేఖ వ్రాసెను. ప్రాచీన కట్టడముల రక్షణ సంఘము ఆ యేడే పుట్టెను. 2007 జూలై వరదలలో నీరు ఊరిని చుట్టుముట్టి ఆలయము లోపలికి సైతము వచ్చెను.

ఊరివారి ఆరాధన నేటికిని ఆ ఆలయములోనే జరుగుచున్నది.