లారీ స్టీరింగూ, నూనె చుక్కా

నెల్లూరు తీరంలో ఒకప్పుడు బరువు సరుకు నీటిమీద నడిచేది. 1878లో మదరాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టిన కాలువ ఆ తీరం పొడుగునా సముద్రాన్ని ఆనుకొని సాగుతుంది. ఉప్పు, ధాన్యం, వంటచెరకు పడవలలో మదరాసు చేరేవి. 1965, 1966 సంవత్సరాల తుపానులు ఆ కాలువను బాగా దెబ్బతీశాయి. పడవల రాకపోకలు మళ్ళీ పూర్వస్థితికి రాలేదు. ఆ బరువంతా లారీల మీద పడింది. ఇస్కపల్లి ఉప్పుమళ్ళ సరుకు గాని, 2008లో తెరచిన కృష్ణపట్నం ఓడరేవులో దిగే సరుకు గాని చాలాభాగం తడకూ కావలికీ మధ్య జాతీయ రహదారి మీద లారీలలోనే పోతున్నది.

చుక్కాని పట్టిన పడవవానికి నీరు మెత్తగా దారి ఇచ్చేది. లారీ చక్రం అట్లా కాదు. పది చక్రాల లారీకి ముందు ఇరుసు మీదనే దాదాపు ఆరు టన్నుల భారం ఉంటుంది. ఆ రెండు చక్రాలను నేలమీద రాచుకుంటూ తిప్పటం మనిషి చేతికి మించిన పని. దీనికి పూర్వులు పళ్ళచక్రాల సహాయం తీసికొన్నారు. కాని పళ్ళచక్రం ఊరికే మేలు చేయదు. చేతి బలం సగం చాలాలంటే చక్రాన్ని రెట్టింపు చుట్లు తిప్పాలి. అందుచేతనే పాత లారీలకు బండిచక్రమంత స్టీరింగు ఉండేది. మలుపు వచ్చినప్పుడల్లా డ్రైవరు సీటులోంచి లేచినంత పని చేసి తిప్పేవాడు. 1948లో మదరాసులో అశోక్ మోటార్స్ సంస్థ ఏర్పడింది. 1954లో జంషెడ్‌పూరులో టాటావారు జర్మనీ సంస్థ సహకారంతో లారీలు తయారుచేయటం మొదలుపెట్టారు. ఆ తొలితరం లారీలన్నీ డ్రైవరు భుజబలంతో తిరిగినవే.

ఈ కష్టానికి పరిష్కారం అమెరికాలో అంతకు ముందే దొరికి ఉన్నది. ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు పియర్స్ ఆరో సంస్థ లారీల విభాగంలో పనిచేశాడు. బరువు లారీలను తిప్పలేక డ్రైవర్లు పడే పాట్లు అతనికి బాగా తెలుసు. 1922లో ఆ ఉద్యోగం వదలి, వాల్థాం పట్టణంలో చిన్న పనిశాల పెట్టుకొని, ద్రవపు వత్తిడితో చక్రాలను తిప్పే సాధనాన్ని తయారుచేశాడు. 1926 నాటికి దాన్ని తన కారుకే అమర్చి పెద్ద కంపెనీలకు చూపించాడు. జనరల్ మోటార్స్‌వారు మెచ్చుకొని ఒప్పందం చేసికొన్నారు. కాని ఆర్థికమాంద్యం వచ్చింది. ఖర్చు ఎక్కువని 1934లో ఆ పని మానుకొన్నారు. యుద్ధకాలంలో సైనిక వాహనాలకు ఆ పరికరం పనికివచ్చింది. 1951లో క్రైస్లర్ సంస్థ దాన్ని తన కారులో పెట్టి అమ్మేనాటికి డేవిస్ తొలి పేటెంట్ల గడువు తీరిపోయింది.

డేవిస్ ఊహలోని అసలు గొప్పతనం కవాటంలో ఉన్నది. నూనెను ఎల్లప్పుడూ అధిక వత్తిడిలో నిలవ ఉంచితే ప్రతి అతుకూ ప్రతి క్షణమూ దాన్ని భరించాలి. ఎక్కడో ఒకచోట కారక తప్పదు. అతడు కవాటాన్ని మామూలు వేళ తెరచి ఉంచాడు. లారీ తిన్నగా పోతున్నంత సేపూ పంపు తోడిన నూనె తక్కువ వత్తిడితో ఊరికే తిరిగి డబ్బాలోకి వస్తుంది. డ్రైవరు చక్రం తిప్పినప్పుడే కవాటం ఒకవైపు మూసుకుంటుంది, అప్పుడే వత్తిడి పుడుతుంది. లెక్క సులభం. ముషలకం వ్యాసం 10 సెంటీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 100 కిలోగ్రాముల వత్తిడి దాని మీద పనిచేస్తే మొత్తం బలం 7,800 కిలోగ్రాములు. దాదాపు ఎనిమిది టన్నులు! ఈ బలమంతా గుమ్మడికాయంత ఇనుపపెట్టెలో ఉంటుంది. తిరిగే ఇరుసు ఆ పెట్టెలోంచి బయటికి రావాలి, నూనె మాత్రం రాకూడదు. చిక్కంతా ఇక్కడే.

ఈ చిక్కు లారీకంటె చాలా పాతది. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా నీటివత్తిడి యంత్రానికి పేటెంటు పొందాడు. పాస్కల్ సూత్రం ప్రకారం అది పనిచేయాలి, కాని ముషలకం పక్కనుంచి నీరు చిమ్మేది. బిగించి కడితే ముషలకం కదలదు, వదులుచేస్తే నీరు ఆగదు. బ్రామా దగ్గర పనిచేస్తున్న హెన్రీ మాడ్‌స్లే దీనికి ఒక తోలుపట్టీతో విరుగుడు కనిపెట్టాడని ప్రతీతి. పట్టీని మడతపెట్టి, మడత నోరు నీటివైపు ఉండేటట్లు అమర్చారు. నీరు మడతలోకి చొరబడి తోలును ముషలకానికి అదుముతుంది. వత్తిడి పెరిగినకొద్దీ అదుము పెరుగుతుంది. పారిపోవాలని చూసే నీటినే కాపలాకు పెట్టారన్నమాట! డేవిస్ కవాటంకంటె ఈ తోలుముక్కే ఎక్కువ మెచ్చదగినది.

తిరిగే ఇరుసులకు తోలుసీలు జర్మనీలోని వైన్‌హైం పట్టణంలో రూపుదిద్దుకొన్నది. అక్కడి ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ తోళ్ళు శుద్ధిచేసే కార్ఖానా. 1929 మాంద్యంలో తోలు గిరాకీ పడిపోతే ఆ తోలుతోనే సీళ్ళు చేయటం మొదలుపెట్టారు. తరువాత తోలు స్థానంలో కృత్రిమ రబ్బరు వచ్చింది. నేటి ఆయిల్ సీలులో రబ్బరు పెదవి ఒకటి, దాన్ని ఇరుసుకు అదిమి ఉంచే సన్నని స్ప్రింగు చుట్ట ఒకటి ఉంటాయి. కదలని అతుకులకు వేసే గుండ్రని రబ్బరు రింగుకు నీల్స్ క్రిస్టెన్‌సన్ 1939లో అమెరికాలో పేటెంటు పొందాడు.

1980లలో పుణె, తిరుచిరాపల్లి ప్రాంతాలలో పవర్ స్టీరింగు పెట్టెల కర్మాగారాలు వెలిశాయి. తరువాతి లారీలలో ఇవి మామూలైనాయి. ఇరవై ఏళ్ళు దాటిన అట్లాంటి లారీ నెల్లూరు తీరంలో తిరిగితే, దాని పెట్టెకు ఉప్పుగాలి ముఖ్యశత్రువు. పెట్టె అడుగున బయటికి వచ్చే సెక్టర్ షాఫ్టుకు దుమ్ముతొడుగు చిరిగిందా, తేమా ఉప్పూ అక్కడే నిలుస్తాయి. నున్నని ఉక్కు తుప్పుపట్టి గరుకెక్కుతుంది. ఆ గరుకు రబ్బరు పెదవిని ఆకురాయిలా అరగదీస్తుంది. చుక్క పడుతుంది.

చుక్క పడినచోటే నూనె కారుతున్నదనుకోవటం తొందరపాటు. నూనె కిందికి జారుతుంది, లారీ నడిచేటప్పుడు గాలికి వెనుకకు పాకుతుంది. పైన గొట్టపు అతుకు కారినా చుక్క మాత్రం అడుగున డ్రాప్ ఆర్మ్ కొననుంచే రాలుతుంది. అనుభవజ్ఞుడైన మేస్త్రీ ముందుగా పెట్టెనూ గొట్టాలనూ కడిగి, తుడిచి, ఆరబెట్టి, పైన సుద్దపొడి చల్లుతాడు. ఇంజను నడిపి ఒకరిచేత చక్రం ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పించి, పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తాడు. మొదట తడిసిన సుద్దే దొంగను పట్టిస్తుంది. చక్రాన్ని చివరి కొసన అయిదు సెకండ్లకు మించి పట్టి ఉంచకూడదు. అక్కడ వత్తిడి అత్యధికమై పంపు వేడెక్కుతుంది. గొట్టాన్ని వేళ్ళతో తడిమి చూడటం అంతకంటె ప్రమాదం. సన్నని రంధ్రంలోంచి అధిక వత్తిడితో చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. అట్టముక్క అడ్డం పెట్టి చూడటం మేలు.

కారేది సెక్టర్ షాఫ్టు సీలే అని తేలితే డ్రాప్ ఆర్మ్ విప్పాలి. విప్పేముందు ఆర్మ్‌కూ షాఫ్టుకూ కలిపి గీత గీయాలి. ఒక్క పన్ను తప్పి బిగిస్తే స్టీరింగు ఒకవైపే ఎక్కువ తిరుగుతుంది. ఆర్మ్‌ను పుల్లరుతో లాగాలి గాని సుత్తితో కొట్టరాదు, లోపలి బేరింగులు దెబ్బతింటాయి. కొత్త సీలు ఎక్కించేటప్పుడు షాఫ్టు పళ్ళమీద పలుచని టేపు చుట్టకపోతే పెదవి అక్కడే తెగుతుంది. పెదవి నోరు నూనెవైపు ఉండాలి. మాడ్‌స్లే తోలుపట్టీ నియమమే ఇదీ. తిరగవేస్తే వత్తిడి పెదవిని అదమటానికి బదులు ఎత్తివేస్తుంది.

సీలు ఒక్కటే మార్చి ఊరుకుంటే చాలాసార్లు పని మళ్ళీ మొదటికి వస్తుంది. షాఫ్టుపై గోరు తగిలేంత గాడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది, షాఫ్టునే మార్చాలి. షాఫ్టు అటూ ఇటూ ఊగితే తప్పు బేరింగుది. నూనె తిరిగివచ్చే గొట్టం మూసుకుపోతే లోపల వత్తిడి పెరిగి మంచి సీలును కూడా తోసివేస్తుంది. కింగ్ పిన్నులకు గ్రీజు లేక చక్రాలు బిగిసినా అదనపు భారం పెట్టెమీదనే పడుతుంది. బ్రేకు నూనె మాత్రం ఇందులో పొరపాటున కూడా పోయకూడదు. ఖనిజ నూనెకు తగిన రబ్బరు దానిలో ఉబ్బి పాడవుతుంది.

నూనె అంతా కారిపోయినా స్టీరింగు తెగిపోదు. చక్రానికీ ఇరుసుకూ లోహపు సంబంధం ఉండనే ఉంటుంది. కాని అంతవరకు ఒక చేత్తో తిరిగిన చక్రం ఉన్నట్టుండి రెండు చేతులకూ లొంగదు. నిండు సరుకుతో, వేగంతో, రద్దీ మలుపులో ఇది జరిగితే డ్రైవరుకు తేరుకునే వ్యవధి ఉండదు. దానికి ముందే కొన్ని గుర్తులు కనబడతాయి. డబ్బాలో నూనె నురగెత్తుతుంది, చక్రం తిప్పినప్పుడు పంపు మూలుగుతుంది.

మరమ్మతు అయిన తరువాత ముందు ఇరుసును జాకీమీద ఎత్తి, డబ్బాలో నూనె తగ్గకుండా పోస్తూ, చక్రాన్ని నిదానంగా ఈ కొసకూ ఆ కొసకూ తిప్పాలి. బుడగలు రావటం ఆగినప్పుడు లోపలి గాలి పోయినట్లు. అప్పుడు మళ్ళీ సుద్దపొడి చల్లి లారీని ఒకరోజు బరువుతో తిప్పి చూస్తారు.