అవ్వ చెప్పిన సాక్ష్యం



పోయిన వారం క్లాసు అయ్యాక ఒక విద్యార్థి నా వెనకే స్టాఫ్ రూమ్ దాకా వచ్చాడు. వాళ్ళ అమ్మానాయిన పుణెలో బిల్డింగ్ పనికి పోయారు. "సార్, మా అమ్మ అక్కడి రేకుల షెడ్డుల కూడా రోజూ రాత్రి ప్రార్థన చేస్తది. మా నాయినమ్మ కూడా చేసింది, ఆమె అత్త కూడా చేసింది. మూడు తరాలు మోకాళ్ళూనినా మా వలస ఆగలే. మరి ప్రార్థనతోని ఏమొచ్చింది సార్?" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పీహెచ్‌డీ రోజుల్లో నేనూ ఇదే ప్రశ్న ఎగతాళిగా అడిగేవాణ్ణి. మా అవ్వ కళ్ళు మూసుకుని కూర్చుంటే "నీ దేవుడు బస్సు చార్జీ ఇస్తడా అవ్వా?" అనేవాణ్ణి. ఈ భాగం ఆ పిల్లవాడికి జవాబు, అవ్వకు క్షమాపణ.

హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసే దాకా గద్వాల, వనపర్తి నిజాంకు లోబడిన సంస్థానాలు. నాగర్‌కర్నూల్ నేరుగా నిజాం సర్కారు కింద ఉండేది. ఏలికలు వేరైనా మన వాడల బతుకు ఒక్కటే. దొర మోటకు తోలుబొక్కెన కుట్టాలి, చచ్చిన గొడ్డును మోయాలి, డప్పు కొట్టాలి, అర్ధరాత్రి కబురు మోసుకుపోవాలి. కూలి అడగొద్దు. కష్టం చెప్పుకోవాలంటే చెప్పులు విడిచి, తల వంచి, "నీ బాంచెన్ దొరా" అని మొదలుపెట్టాలి.

ఈ నేలకు మిషన్లు రెండు దారుల్లో వచ్చాయి. ఒంగోలు, నెల్లూరు వైపు పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టులు 1880లలో పాలమూరు చేరారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు నాగర్‌కర్నూల్‌లో, ఆ తర్వాత వనపర్తిలో కేంద్రాలు పెట్టారు. 1937లో బాప్టిస్టుల చేతిలో ఉన్న పాలమూరు, గద్వాల కూడా వాళ్ళ కిందికే వచ్చాయి. ఈ మెన్నొనైట్లలో చాలామంది 1870లలో రష్యా వదిలి అమెరికా చేరిన రైతు కుటుంబాలవాళ్ళు. వలస అంటే ఏమిటో వాళ్ళకూ తెలుసు. 1907లో వచ్చిన డాక్టర్ కేథరీనా షెలెన్‌బర్గ్ నాగర్‌కర్నూల్‌లో, తర్వాత శంషాబాద్‌లో రోగుల్ని చూసింది. 1945లో ఈ నేల మీదే కన్నుమూసింది.

"కూడు కోసం మతం మారారు" అనే మాట మీరూ వినే ఉంటారు. దానికి జవాబు ఒంగోలు చరిత్రలో ఉంది. 1876-78 గొప్ప కరువులో జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇప్పించాడు. ఆ కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూడు కోసమే అయితే కూడు అయిపోయాక ఎందుకొచ్చారు? అయినా ఆకలితో వచ్చినవాళ్ళు ఉంటే ఉండనీ. అందులో మనకు సిగ్గేముంది? సిగ్గుపడాల్సింది ఆకలి పెట్టినవాడు.

మరి ఎందుకొచ్చారు? నేను తెలుగు సాహిత్యం చదివినవాణ్ణి కాబట్టి రెండు మాటల దగ్గర ఆగుతాను.

మొదటి మాట "తండ్రీ". దొర ముందు "బాంచెన్" అన్న నోరే గుడిసెలో దీపం ముందు దేవుణ్ణి "తండ్రీ" అని పిలిచింది. బాంచ అంటే దాసి. తండ్రి అన్నాక పిలిచేది దాసి కాదు, బిడ్డ. దొరకు పైన ఇంకొకరున్నారని, ఆయన దగ్గరికి పోవడానికి దొర అనుమతి అక్కర్లేదని ఆ ఒక్క పిలుపులో ఉంది.

రెండో మాట "సాక్ష్యం". కోర్టులోనూ అదే మాట, చర్చిలోనూ అదే మాట. గడీ ముందు మాదిగ ఆడమనిషి సాక్ష్యానికి విలువెక్కడిది? అదే మనిషి ఆదివారం పదిమందిలో లేచి నిలబడి, ఇంట్లో జబ్బు, చచ్చిన బిడ్డ, తీరని అప్పు, అన్నీ పేరుపెట్టి చెప్పింది. అందరూ విన్నారు. విని, ఆ కష్టాన్ని తమ ప్రార్థనలోకి తీసుకున్నారు. జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు, గుడిలోకి పోలేని మనిషి తన గోడు శివుడికి చేరవేయమని గబ్బిలాన్ని బతిమాలాడు. మన అవ్వలకు గబ్బిలం అవసరం పడలేదు. వాళ్ళే లేచి చెప్పారు.

ఇక్కడితో ఆపితే అది చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది. మిషనరీనీ మనవాళ్ళు "దొర" అనే పిలిచారు. బాప్తిస్మం తీసుకున్నా మాల, మాదిగ తేడా పోలేదు. మతం మారినవాళ్ళ సామాజిక హక్కుల కోసం మిషన్లు పోరాడలేదని అంబేద్కర్ గట్టిగానే విమర్శించారు. ఆ విమర్శ మన చర్చిలకు ఇప్పటికీ తగులుతుంది. 1955లో మోంట్‌గోమరీలో నల్లజాతి ప్రజలు ఏ చర్చిలో ప్రార్థించారో అదే చర్చిలో కూర్చుని బస్సుల బహిష్కరణ నడిపారు. మన దగ్గర ఎంతమంది పాస్టర్లు వెట్టి గురించి, వలస గురించి, భూమి గురించి పుల్పిట్ మీద మాట్లాడారు? "ప్రార్థన చేయండి, అంతా సర్దుకుంటుంది" అన్నవాళ్ళు అవ్వల సాక్ష్యాన్ని సగంలో ఆపారు.

మిగతా సగాన్ని రాజ్యం ఆపింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కాని దళితుణ్ణి షెడ్యూల్డ్ కులంగా గుర్తించలేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు మాత్రం బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. వాడ అదే, అవమానం అదే, కాగితం మీద కులం వేరు. అందుకే మా అవ్వకు రెండు పేర్లు. గుడిలో బైబిల్ పేరు, రేషన్ కార్డులో ఊరి దేవత పేరు. పదిమందిలో లేచి నిజం చెప్పడం నేర్చుకున్న మనిషి, పిల్లల చదువు కోసం తహసీల్ ఆఫీసులో ఆ నిజాన్ని మింగేసింది.

నిన్న ఆ విద్యార్థికి ఇదంతా చెప్పాను. "ప్రార్థన వలసను ఆపలేదు, నిజమే. కానీ మన కష్టం తలరాత కాదని, చెప్పుకోదగ్గదని, వినేవాళ్ళు ఉండాలని ముందు అక్కడే నేర్చుకున్నం. మీ నాయినమ్మ లేచి నిలబడకపోతే ఇయ్యాల నువ్వు నన్ను నిలబెట్టి అడిగేవాడివి కాదు. ఆశ అంటే కళ్ళు మూసుకునుడు కాదు బిడ్డా, నోరు తెరుసుడు" అన్నాను.

కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, "అయితే సార్, మా అమ్మ సాక్ష్యం ఈసారి నేను రాస్త. పుణె షెడ్డు నుంచి మొదలుపెడ్త" అన్నాడు.

మీరు కూడా రాయండి. మీ ఇంట్లో ఎవరు, ఏ గుడిలో, ఏ కష్టానికి పేరుపెట్టి ప్రార్థించారో అడగండి. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. వచ్చే భాగంలో, ఊరూరూ నడిచి అక్షరాలు నేర్పిన బైబిల్ స్త్రీల గురించి మాట్లాడుకుందాం.