రంభ రాళ్లమీది స్పంజికలు

మీరు ఢిల్లీలోని ద్వారకలో చదువుకొంటూ ఉంటే సముద్రం మీకు వెయ్యి కిలోమీటర్ల దూరం. ఆ ఉపనగరానికి దక్కింది గుజరాత్ తీరంలోని పుణ్యక్షేత్రం పేరు మాత్రమే. అసలు ద్వారక ఉన్న ఓఖామండల్ తీరాన్ని 1905-06లో జేమ్స్ హార్నెల్ బరోడా ప్రభుత్వం తరఫున పరిశీలించాడు. ముత్యపు చిప్పలు, శంఖాలు ఏ మేరకు దొరుకుతాయో చూడటం ఆ ప్రభుత్వానికి అవసరం. హార్నెల్ మాత్రం రాళ్లకు అంటుకొన్న స్పంజికలను, హైడ్రాయిడ్లను కూడా సేకరించాడు. స్పంజికలను ఆర్థర్ డెండీ, హైడ్రాయిడ్లను లారా థార్న్‌లీ అధ్యయనం చేయగా, ఆ నివేదికలు 1916లో అచ్చయ్యాయి.

ఈ రెండు రకాల జీవులూ మీకు కొత్త కావు. ఇంటర్మీడియట్‌లో ఒబీలియా బొమ్మ గీసే ఉంటారు. అది హైడ్రాయిడే. చిన్న చెట్టులా కనిపించినా జంతువే. దంశకణాలతో సూక్ష్మజీవులను పట్టి తింటుంది. స్పంజిక పద్ధతి వేరు. ఒంటినిండా ఉన్న రంధ్రాల గుండా నీటిని లాగి, అందులోని ఆహారాన్ని వడగడుతుంది. పెరిగిన తర్వాత రెండూ కదలలేవు కాబట్టి ఆహారాన్ని నీరే తెచ్చిపెట్టాలి. అయితే అదే నీరు మరీ బురదగా ఉంటే స్పంజిక రంధ్రాలు పూడుకుపోతాయి. అలల తాకిడి లేని నదీముఖాల్లో బురద పేరుకొంటుంది. అందుకే అక్కడ వీటికి నిటారుగా ఉన్న రాతి పక్కలు, రాళ్ల అడుగు భాగాలే అనువైన చోట్లు.

ఇక ఉప్పు సంగతి. ఎండాకాలంలో ఉప్పగా, వానాకాలంలో దాదాపు మంచినీరుగా మారే చోట సముద్రజీవి ఎలా బతుకుతుంది? ఈ ప్రశ్న నెల్సన్ అనండేల్‌ను వదల్లేదు. 1904లో కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో చేరిన ఈ స్కాట్లాండ్ వాసి, 1911లో మంచినీటి స్పంజికలు, హైడ్రాయిడ్లు, పాలీజోవాలపై ఒక గ్రంథం వెలువరించాడు. తర్వాత స్టాన్లీ కెంప్‌తో కలిసి చిల్కా సరస్సును సర్వే చేశాడు. ఆ ఫలితాలు 1915 నుంచి ఇండియన్ మ్యూజియం మెమొయిర్స్ ఐదవ సంపుటంలో వెలువడ్డాయి. 1916లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాను స్థాపించినదీ అనండేలే.

చిల్కా దక్షిణపు కొసన రంభ ఉంది. అప్పట్లో గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిది. 1936లో గానీ ఒరిస్సాలో చేరలేదు. అందువల్ల ఈ కథలో మనకూ కొంత వాటా ఉందనుకోవచ్చు! సరస్సు అడుగు చాలావరకు బురదే. రంభ వైపు మాత్రం కొండలు నీటి అంచుదాకా దిగి, రాతి దీవులుగా పైకి తేలతాయి. బురదలో నిలవలేని జీవులకు ఈ రాళ్లే ఆధారం. అనండేల్ 1915లో ఈ సరస్సు నుంచి వర్ణించిన ఒక స్పంజికకు లాక్సోసుబెరైటిస్ లాకస్ట్రిస్ అని పేరు పెట్టాడు. లాకస్ట్రిస్ అంటే లాటిన్‌లో 'సరస్సుకు చెందినది'. దాని కుటుంబం మాత్రం సముద్రపు స్పంజికలది! ఇప్పుడు దీన్ని ప్రోటోసుబెరైటిస్ ప్రజాతిలో చేర్చారు.

తెలుగునాట ఈ పని విశాఖలో సాగింది. 1933లో ప్రారంభమైన విశాఖ రేవు డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉంది. ఇక్కడి గోడలు, ఓడల అడుగులు మనిషి చేసిపెట్టిన రాళ్లే. వాటిని అంటిపెట్టుకొనే జీవులపై ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, ఎం.వి. లక్ష్మణరావు, ఆర్. నాగభూషణం 1958లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఓడ అడుగున హైడ్రాయిడ్లు పెరిగితే వేగం తగ్గి ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. కనుక ఇది కేవలం కుతూహలం కాదు.

చిల్కాకు ఆ తర్వాత గడ్డుకాలం వచ్చింది. సముద్రంతో కలిపే మార్గం పూడుకుపోయి, ఉప్పు తగ్గి, కలుపు మొక్కలు కమ్ముకొన్నాయి. 1985-87లో జువలాజికల్ సర్వే మళ్లీ సరస్సు జీవులను లెక్కించినప్పుడు, పోల్చి చూడటానికి చేతిలో ఉన్నవి అనండేల్ బృందం జాబితాలే. అవి లేకపోతే ఏది పోయిందో చెప్పడం ఎవరికి సాధ్యం? 1993లో చిల్కా ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల అంతర్జాతీయ జాబితాకు ఎక్కింది. 2000 సెప్టెంబరులో ఇసుక గట్టును తవ్వి సముద్రానికి కొత్త దారి తెరిచాక ఉప్పునీరు తిరిగి లోపలికి వచ్చింది, చేపల దిగుబడి కొన్ని రెట్లు పెరిగింది. 2002లో చిల్కా పేరును ఆ జాబితా నుంచి తొలగించారు.