పాట కొంటే ఆకలి తీరుతుందా?



పేరున్న గాయకులు కలిసి ఒక పాట పాడడం, దాని రికార్డు అమ్మి వచ్చిన డబ్బును కరువు దేశాలకు పంపడం పాశ్చాత్య దేశాల్లో చాలాకాలంగా ఉంది. ఆ పాట కొన్నంత మాత్రాన ఎవరి కడుపైనా నిండుతుందా అని మన యౌవనస్థులు అడుగుతున్నారు. రాప్తాడులో ఉండి ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేము. కరువు విరాళాలు పుచ్చుకున్న నేల మనది.

1876లో వానలు పోయాయి. పెద్దలు ధాత కరువు అన్నది దీన్నే. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు, అది 1882లో ఏర్పడింది. మన ఊళ్లు బళ్లారి జిల్లాలో ఉండేవి. మద్రాసు రాజధానిలో అందరికంటే ఎక్కువగా చితికిపోయినవి బళ్లారి, కర్నూలు జిల్లాలే. రైళ్లలో ధాన్యం వచ్చింది గాని, ఆ ధరకు కొనే డబ్బు కూలివాని చేతిలో లేదు. సర్కారు కరువు పనుల్లో సర్ రిచర్డ్ టెంపుల్ మగ కూలికి ఖాయం చేసినది రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర. మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ మొత్తుకున్నాడు.

1877 ఆగస్టులో గవర్నరు బకింగ్‌హాం డ్యూకు ఇంగ్లండు ప్రజల్ని సాయం అడిగాడు. వైస్రాయి లిట్టన్‌కు అది గిట్టలేదు. అయినా లండన్ మేయరు పేరిట మాన్షన్ హౌస్ నిధి మొదలై లక్షల పౌన్లు పోగయ్యాయి. అప్పటికే లెక్కలేనంతమంది పోయారు, వారికి ఆ డబ్బు అందలేదు. కానీ ఆ ఏడాది చివరి భాగంలో వాన పడింది. పదును ఉంది, దున్నడానికి ఎద్దు లేదు, చల్లడానికి గింజ లేదు. గంజి పోసి అప్పటికి ప్రాణం నిలిపితే సరిపోదని మనవాళ్లకు వేరే చెప్పాలా? ఆ నిధిలోని డబ్బు ఎడ్లకూ, విత్తనాలకూ, కూలిపోయిన గుడిసెల కప్పులకూ వెళ్లింది. ఆ విరాళం చేసిన మంచి పనుల్లో ఇదే పెద్దదని మా అభిప్రాయం.

అదే కరువులో కోస్తా వైపు, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర డబ్బు కోసం విజ్ఞప్తులు రాసి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి చూపించాడు. సాయం పంచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. బియ్యం కోసం విశ్వాసం అనే మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మన ప్రసంగాల్లో తరచు వినబడుతుంది. అంతకుముందు ఆయన ఆపిన నెలల సంగతి అంతగా వినబడదు.

సినిమావాళ్లు జోలె పట్టడం కూడా మనకు కొత్త కాదు. 1952లో సీమలో కరువు వచ్చి ఊరూరా గంజి కేంద్రాలు పెట్టినప్పుడు ఎన్.టి.రామారావు గారు తిరిగి విరాళాలు పోగుచేశారు. 1977లో దివిసీమ ఉప్పెన తర్వాత ఆయనా, అక్కినేని నాగేశ్వరరావు గారూ మళ్లీ అదే పని చేశారు. అభిమాన నటుణ్ణి చూడడానికి వచ్చి జేబులో చెయ్యి పెట్టినవారు ఎందరో. వారి ఉద్దేశాన్ని తూకం వేయడం మన పని కాదు. ఆ రూపాయి చేరిందా లేదా అన్నదే అడగాలి.

చేరకపోవడం జరుగుతుంది. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో పండిట్ రవిశంకర్, జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ కాందిశీకుల కోసం కచేరీ చేశారు. టిక్కెట్ల డబ్బు, రెండు లక్షల నలభై వేల డాలర్లకు పైగా, యునిసెఫ్‌కు వెళ్లింది. కానీ తర్వాత అమ్మిన రికార్డుల తాలూకు పెద్ద మొత్తం అమెరికా పన్నుల శాఖ దగ్గర ఏళ్ల తరబడి చిక్కుకుపోయింది. ముందుగా ధర్మకార్యంగా నమోదు చేయించకపోవడమే కారణం. రికార్డు కొన్నవాడు మాత్రం తన వంతు తీరిపోయిందనుకున్నాడు.

1984లో ఇథియోపియా కరువుకు బాబ్ గెల్డాఫ్ గాయకుల్ని కూడగట్టి 'డు దే నో ఇట్స్ క్రిస్మస్' పాడించాడు. ఏడాదిలో ఎనభై లక్షల పౌన్ల దాకా వచ్చాయి. (ఇథియోపియాలో క్రైస్తవ్యం నాలుగో శతాబ్దం నాటిది, వారు క్రిస్మస్ జనవరి 7న చేసుకుంటారు. వారికి తెలుసా అని అడగడం కొంచెం విడ్డూరమే.) రేవుల్లో ధాన్యం ఉన్నా కొండ ఊళ్లకు చేర్చే లారీలు చాలక, ఆ డబ్బుతో లారీలు కొన్నారు. అది తెలివైన పని, దానివల్ల బ్రతికినవారు ఉన్నారు. అయితే ఆ కరువుకు వాన ఒక్కటే కారణం కాదు. అక్కడి సైనిక ప్రభుత్వం తిరుగుబాటు ప్రాంతాలతో యుద్ధం చేస్తూ, జనాన్ని బలవంతంగా దక్షిణానికి తరలించింది. దాన్ని బహిరంగంగా తప్పుబట్టిన ఫ్రెంచి వైద్యుల సంస్థను 1985 చివర దేశం నుంచి వెళ్లగొట్టింది. ఈ సంగతి ఏ పాటలోనూ లేదు. పాట జాలి పుట్టించగలదు, తుపాకి పట్టినవాణ్ణి ఆపలేదు.

మన జిల్లాలో విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో మొదలుపెట్టిన పని మీ అందరికీ తెలిసినదే. స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన చిన్న మొత్తాలు బత్తలపల్లి ఆసుపత్రిగా, బడులుగా, చెక్‌డ్యాములుగా మారాయి. అక్కడ పాట లేదు. ఇక్కడే ఉండి లెక్క చూసే మనుషులు ఉన్నారు.

అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో అగబు కరువు సంగతి చెప్పగా, అంతియొకయ శిష్యులు ఎవరి శక్తికొలది వారు యూదయకు సాయం పంపారు. ఎవరి చేత పంపారో లూకా పేర్లతో రాశాడు: బర్నబా, సౌలు. తర్వాత కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయములో, ఆ పెద్ద మొత్తం గురించి ఎవరూ తప్పుపట్టకుండా పౌలు తనతో మరికొందరిని ఎందుకు పంపుతున్నాడో వివరిస్తాడు. అపొస్తలుడే లెక్కకు సాక్షుల్ని పెట్టుకున్నాడు.

కాబట్టి యౌవనస్థులారా, పాట నచ్చితే కొనండి, పాపమేమీ లేదు. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో, దానితో ఏం కొంటారో రాసి ఉందేమో చూసి కొనండి. రాసి లేకపోతే అది పాటకు ఇచ్చిన ధర అనుకోండి, కానుక లెక్కలో వేసుకోవద్దు.

ఈ సంవత్సరం సంఘం తీసే కరువు కానుక బెంగళూరుకు వలస వెళ్లిన కుటుంబాల పిల్లల ఫీజులకా, శనక్కాయ విత్తనాలకా అన్నది ఇంకా తేలలేదు. ఎవరి చేత పంపాలన్నది కూడా. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుంటారు, మీరూ ఉండండి.